చదువు వాకిలి, కాపురపు వాకిలి
(అమెరికాలో విదేశీ విద్యార్థి శాశ్వత నివాసిగా మారే మార్గాల చరిత్ర)

వలస మన సమాజానికి కొత్త విషయం కాదు. మగ్గాన్ని నమ్ముకొని తెలంగాణ పల్లెల నుండి షోలాపూరుకు తరలివచ్చిన మన పూర్వులు ఏ వీసా కోసమూ బారులు తీరలేదు. పని దొరికిన చోట గుడిసె వేసుకున్నారు, గుడిసె ఇల్లయింది, ఆ ఇళ్ళ నడుమ పిల్లల కోసం ఈ తెలుగు బడి వెలసింది. నేడు ప్లాటినం జూబిలీ జరుపుకుంటున్న ఈ బడిలో అక్షరాలు దిద్దిన వారి సంతానం సముద్రాలు దాటి వెళుతున్నది. అయితే వారి వలసకూ, మన తాతల వలసకూ ఒక ప్రధానమైన భేదం కలదు. తాతలకు పని చూపితే చాలింది. మనుమలకు చట్టం చూపిన వాకిలి కావలెను.

ఈ వ్యాసానికి ప్రేరణ ఒక పూర్వ విద్యార్థి ప్రశ్న. నా వద్ద చరిత్ర చదువుకొన్న అతడు ఇంజనీరింగు ముగించి, కొంతకాలం ఉద్యోగం చేసి, 2012లో భార్యతోనూ ఏడాది పసిపాపతోనూ ఉన్నత విద్యకై అమెరికా వెళ్ళాడు. పట్టా పొందాడు, ఉద్యోగం పొందాడు. 2018లో అతని యజమాని శాశ్వత నివాసానికై దరఖాస్తు చేశాడు. మొన్న సెలవులకు వచ్చినప్పుడు బడి వరండాలో నిలబడి, "సార్, అన్నీ పద్ధతి ప్రకారమే చేసినా. మా వంతు వచ్చేసరికి పాప ఇరవై ఒకటి దాటిపోతదేమో. ఎక్కడ తప్పు చేసినా?" అని అడిగాడు. తప్పు అతనిది కాదు. ఆ ప్రశ్నకు జవాబు నూరేళ్ళ చట్టాల చరిత్రలో ఉన్నది.

నిషేధ కాలంలో విద్యార్థి

అమెరికా చట్టం విద్యార్థిని మొదటినుండీ అతిథిగానే చూసింది. 1882లో చైనా శ్రామికుల రాకను నిషేధించినప్పుడు కూడా విద్యార్థులకు, ఉపాధ్యాయులకు, వర్తకులకు మినహాయింపు ఉండేది. 1917 నాటి చట్టం భారతదేశంతో సహా ఆసియాలోని విశాల భూభాగాన్ని నిషిద్ధ మండలంగా ప్రకటించినప్పటికీ విద్యార్థికి తలుపు మూయలేదు. 1924 చట్టం మరింత స్పష్టంగా, పదిహేనేళ్ళు నిండి, గుర్తింపు పొందిన విద్యాసంస్థలో కేవలం చదువు కోసమే వచ్చే వారిని కోటాకు వెలుపల అనుమతించింది. ఇచ్చట "కేవలం" అన్న పదమే కీలకం. చదువుకొనుటకు రావచ్చును, కాపురముండుటకు రాదు.

ఈ భేదం 1923లో ఇద్దరి జీవితాలలో స్పష్టంగా కనబడుతుంది. 1913లో చదువు కోసం వెళ్ళి, మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థిండ్ పౌరసత్వం కోరగా, భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని ఆ దేశపు సుప్రీం కోర్టు 1923 ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది. మాజీ సైనికుల కోసం 1935లో వేరొక చట్టం వచ్చిన పిమ్మట, 1936లో గాని ఆయనకు పౌరసత్వం లభించలేదు. ఆ తీర్పు వెలువడిన ఏడాదే భీమవరంలో జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావు బోస్టన్ చేరి హార్వర్డులో చదువు ప్రారంభించారు. పగలు చదువు, రాత్రి ఆసుపత్రిలో కూలిపని. ఫోలిక్ ఆమ్లం, ఆరియోమైసిన్ వంటి ఔషధాల పరిశోధనకు నాయకత్వం వహించి లోకానికి మేలు చేసిన ఆ మహనీయుడు 1948లో మరణించే నాటికి ఆ దేశ పౌరుడు కాలేదు. పాతికేళ్ళ సేవ ఒక ఎత్తు, చట్టం దృష్టిలో పరాయితనం మరొక ఎత్తు.

1946లో లూస్–సెల్లర్ చట్టం ఈ గోడకు చిన్న కిటికీ తెరిచింది. భారతీయులకు పౌరసత్వార్హత కల్పించి, ఏడాదికి 100 మందికి వలస కోటా ఇచ్చింది. దేశం మొత్తానికి నూరుగురు!

రెండు వాకిళ్ళు, ఒక దొడ్డిదారి

నేటికీ మూలశాసనంగా ఉన్న 1952 నాటి వలస, జాతీయతా చట్టం రెండు పనులు చేసింది. మొదటిది, విద్యార్థికి ఎఫ్ అను ప్రత్యేక వర్గాన్ని ఏర్పరచి, స్వదేశంలో నివాసం ఉన్నదనీ, దానిని వదులుకొనే ఉద్దేశం లేదనీ నిరూపించవలెనని విధించింది. రెండవది, తాత్కాలికంగా వచ్చిన వ్యక్తి దేశం దాటి వెళ్ళకుండానే శాశ్వత నివాసిగా మారుటకు 245వ సెక్షను ద్వారా వీలు కల్పించింది. ఒక చేత్తో "తిరిగి వెళతానని చెప్పు" అని, మరొక చేత్తో "అర్హత ఉంటే ఉండు" అని పలికిన ఈ చట్టంలోనే నేటి చిక్కులన్నింటికీ బీజం ఉన్నది.

1965లో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకం చేసిన చట్టం జాతి ప్రాతిపదికపై కోటాలను రద్దు చేసింది. 1968 నుండి పూర్తిగా అమలైన ఈ పద్ధతిలో ఒక్కొక్క దేశానికి ఏటా 20,000 పరిమితి, వృత్తినిపుణులకు మూడవ ప్రాధాన్యం ఏర్పడ్డాయి. నూరు నుండి ఇరువది వేలకు! ఆ దశాబ్దంలో అమెరికా వెళ్ళిన మన ఇంజనీర్లు, శాస్త్రజ్ఞులు అనేకులు పట్టా పుచ్చుకొన్న కొద్దికాలానికే గ్రీన్ కార్డు పొందగలిగారు. "చదివితే చాలు, స్థిరపడవచ్చు" అనే మాట మన ఇళ్ళలో పుట్టినది ఆ కాలంలోనే. కాలం మారినా ఆ మాట మారలేదు. మన పిల్లల అనేక కష్టాలకు ఇదే కారణమని నా అభిప్రాయం.

1990 చట్టం – వంతెన, దానిపై రద్దీ

నేటి మార్గానికి రూపునిచ్చినది 1990 నవంబరు నాటి చట్టం. హెచ్-1బి ఉద్యోగ వీసాలకు ఏటా 65,000 పరిమితి విధించింది. ఆ వీసాపై ఉన్న వ్యక్తి స్థిరనివాసం కోరుకొనుట దోషం కాదని అంగీకరించింది. ఆ విధంగా విద్యార్థి వాకిలికీ, కాపురపు వాకిలికీ నడుమ హెచ్-1బి ఒక వంతెన అయింది. అదే చట్టం ఉద్యోగ ప్రాతిపదికపై ఇచ్చే గ్రీన్ కార్డులను ఏటా సుమారు 1,40,000గా నిర్ణయించి, ఏ ఒక్క దేశంలో జన్మించిన వారికీ 7 శాతం మించరాదన్నది. ఆ లెక్కన దేశానికి దాదాపు 9,800. ఇందులోనే భార్యాబిడ్డలూ లెక్కకు వస్తారు. ఇతర దేశాల వారు వాడుకొనని సంఖ్యలు కొన్ని అదనంగా లభించినా, అవి ఏ మూలకూ చాలవు.

తరువాత వంతెనను వెడల్పు చేశారు గాని అవతలి వాకిలిని పెంచలేదు. హెచ్-1బి పరిమితి 1999లో 1,15,000కు, 2001 నుండి మూడేళ్ళపాటు 1,95,000కు పెరిగి, 2004లో తిరిగి 65,000కు దిగింది. అమెరికాలో ఉన్నత పట్టా పొందిన వారికి 20,000 అదనంగా చేర్చారు. చదువు ముగిసిన పిమ్మట ఒక ఏడాది శిక్షణోద్యోగానికి అవకాశమిచ్చే ఓపీటీ పద్ధతిలో, శాస్త్ర సాంకేతిక విద్యార్థులకు 2008లో 17 నెలలు, 2016లో ఆ స్థానే 24 నెలలు పొడిగింపు ఇచ్చారు. 2023–24 విద్యా సంవత్సరంలో అక్కడి భారతీయ విద్యార్థుల సంఖ్య 3,31,602కు చేరి, చైనాను దాటి ప్రథమ స్థానం పొందింది. ప్రవేశం విశాలం, నిర్గమం ఇరుకు.

2000లో వచ్చిన చట్టం, వంతు కోసం వేచివున్న వారు హెచ్-1బి ఆరేళ్ళ గడువు దాటినా పొడిగించుకొనవచ్చునని దయ చూపింది. దానితో నిరీక్షణ సాధ్యమైంది గాని తగ్గలేదు. 2025 అక్టోబరు నాటి వీసా పట్టికను చూస్తే, ఉద్యోగ ప్రాతిపదిక రెండవ శ్రేణిలో భారతదేశంలో జన్మించిన వారికి 2013 ఏప్రిల్ 1కి ముందు నమోదైన దరఖాస్తులే వంతుకు వచ్చినవి. నా విద్యార్థిది 2018.

ఇక పాప సంగతి. చట్టం ప్రకారం బిడ్డ అనగా ఇరువదియొక్క ఏళ్ళ లోపు అవివాహిత సంతానం. 2002 నాటి చట్టం దరఖాస్తు పరిశీలనకు పట్టిన కాలాన్ని వయస్సు నుండి తీసివేసే వెసులుబాటు ఇచ్చింది గాని, వంతు కోసం నిరీక్షించిన ఏళ్ళను తీసివేయలేదు. 2011లో షోలాపూరులో పుట్టిన ఆ బాలికకు 2032లో ఆ గడువు వస్తుంది. అప్పటికీ తండ్రి వంతు రాకపోతే ఆమె తన తండ్రి మొదట నిలిచిన విద్యార్థి వాకిలి వద్దకే వెళ్ళి, ఊహ తెలియని నాడు వదలిన దేశంలో తనకు నివాసం ఉన్నదని నిరూపించవలసి రావచ్చును.

మార్గాన్ని ఎంచుకొనుట

చరిత్ర చెప్పే పాఠం ఒక్కటే. విద్యార్థిని శాశ్వత నివాసిగా మార్చే రాజమార్గాన్ని అమెరికా ఏనాడూ వేయలేదు. వేర్వేరు కాలాలలో వేసిన ముక్కలను కలుపుకొని ఎవరి దారి వారే కుట్టుకొన్నారు. కనుక బయలుదేరక ముందే ఏ ముక్క ఎక్కడ తెగునో తెలిసికొనవలెను.

యజమాని ద్వారా రెండవ, మూడవ శ్రేణులలో వెళ్ళుట అత్యధికుల మార్గం. ఇందులో దరఖాస్తు తేదీయే ప్రాణం. తొలి వినతి ఆమోదం పొందిన పిమ్మట ఉద్యోగం మారినా సాధారణంగా ఆ తేదీ నిలుస్తుంది కనుక దానిని ఎంత ముందుగా సంపాదిస్తే అంత మేలు. పరిశోధనలో ప్రతిభ గలవారికి మొదటి శ్రేణి కలదు. యజమాని లేకుండా తామే కోరుకొనవచ్చు, నిరీక్షణ ఉన్నా రెండవ శ్రేణి కంటె చాలా స్వల్పం. జాతీయ ప్రయోజనం పేరిట ఇచ్చే మినహాయింపు యజమానిపై ఆధారపడే అవసరాన్ని తొలగిస్తుంది గాని, అది రెండవ శ్రేణిలోనిదే కనుక బారును తగ్గించదు. ఈ రెండింటి భేదం తెలియక మోసపోయినవారు ఉన్నారు. విశ్వవిద్యాలయాలలో, లాభాపేక్ష లేని పరిశోధనాలయాలలో ఉద్యోగానికి హెచ్-1బి సంఖ్యా పరిమితి వర్తించదు. వరుస నిర్ణయమయ్యేది పౌరసత్వంతో కాదు, జన్మించిన దేశంతో. మరొక దేశంలో జన్మించిన జీవిత భాగస్వామి వరుసలో చేరే వీలు కూడ కలదు.

అమెరికాయే గమ్యం కానక్కరలేదు. కెనడా 1967 నుండి గుణాంకాల పద్ధతిని పాటించి, 2008లో అక్కడి అనుభవానికి ప్రత్యేక శ్రేణిని, 2015లో ఎక్స్‌ప్రెస్ ఎంట్రీని ప్రవేశపెట్టి, చదువునుండి నివాసానికి తానే మెట్లు కట్టింది. జన్మదేశపు కోటా అక్కడ లేదు. అయినను 2024లో విద్యార్థుల సంఖ్యకు పరిమితి విధించింది. అమెరికాలోనూ 2025 సెప్టెంబరులో, విదేశాలలో ఉన్నవారికై వేసే కొత్త హెచ్-1బి దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుమును ప్రకటించారు. నేటి నిబంధన రేపు ఉండునని నమ్మి ఇల్లు తాకట్టు పెట్టుట వివేకం కాదు.

నా విద్యార్థితో ఇదే చెప్పాను. "నాయనా, నీవు తప్పు చేయలేదు. 1968 నాటి మాట విని నిన్ను పంపిన మేము, 1990 నాటి చట్టాన్ని చదవలేదు." అతడు కొంతసేపు మౌనంగా ఉండి, పాపకు తెలుగు చదవడం నేర్పుతున్నానని చెప్పాడు. ఎచ్చట స్థిరపడవలసి వచ్చినా అక్కరకు వచ్చునని అతని ఆలోచన.

ఈ బడి నుండి రేపు బయలుదేరబోయే చిరంజీవులారా, వెళ్ళండి, విద్యను ఆర్జించండి. మీ తాతలు నేతకు కూర్చొనక ముందు పడుగు పోగులన్నీ లెక్కచూసుకొనేవారు. మీరును ప్రయాణానికి ముందు ఆ లెక్క చూసుకొనండి. అప్పుడు నిరీక్షణ వచ్చినా అది మీరు తెలిసి అంగీకరించినదై ఉండును.