ఏడేళ్లలో కడతామన్న రాజధాని

రాజధాని అనే మాట ఎత్తితే మా కర్నూలు వాళ్లకు ముందు నవ్వొస్తుంది, ఆ తర్వాత కోపం. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు మా ఊరే రాజధాని. కచేరీలకు చోటు చాలక గుడారాలు వేశారు. మూడేళ్లు గడిచాయో లేదో, 1956 నవంబరుకల్లా మూటాముల్లె సర్దుకుని హైదరాబాదు వెళ్లిపోయారు. మళ్లీ 2020లో న్యాయ రాజధాని అన్నారు, మరుసటి ఏడాదే ఆ చట్టాన్ని వెనక్కి తీసుకున్నారు. షార్జాలో చదువుకుంటున్న నేను ఒక వారాంతం అబుదాబి చూడబోతే, మేడల కన్నా ముందు మనసులో మెదిలింది ఈ సంగతే: ఈ ఊరు రాజధాని ఎట్లా అయింది? ఇదీ ఒకప్పుడు ‘తాత్కాలిక’ రాజధానేనని, ఆ తాత్కాలికం పాతికేళ్లు నడిచిందని మన వైపు చాలామందికి తెలియదు.

షార్జాలో శుక్ర, శని, ఆదివారాలు మూడూ సెలవే. 2022 జనవరిలో దేశమంతా శని, ఆదివారాల సెలవుకు మారి శుక్రవారాన్ని ఒంటిపూట చేసుకుంటే, షార్జా మాత్రం శుక్రవారం పూర్తి సెలవును వదులుకోలేదు. సెలవు రోజుల్లో కూడా ఎవరి పద్ధతి వాళ్లదే. ఈ దేశాన్ని అర్థం చేసుకోవాలంటే ఇక్కణ్నుంచే మొదలుపెట్టాలి. ఇది ఏడు ఎమిరేట్ల పొత్తు, ఏడుగురూ పాలకులే.

అబుదాబిలో నేను మొదట వెళ్లింది కస్ర్ అల్ హొస్న్ కోటకు. చుట్టూ అద్దాల మేడలు, మధ్యలో తెల్లని కోట. దాని మూలం ఒక కావలి బురుజు. మా కొండారెడ్డి బురుజు పక్కన నిలబెడితే చిన్నపిల్లలా ఉంటుంది గానీ, ఊరు పుట్టింది దాని నీడనే. లివా ఒయాసిస్సుల వైపు ఉండే బనీ యాస్ తెగ వాళ్లకు 1761 ప్రాంతంలో ఈ దీవి మీద మంచినీళ్లు దొరికాయి. ఆ నీటిని కాచుకోవడానికి 1790లలో బురుజు లేచింది. తర్వాత అదే కోట అయింది, పాలకుడి ఇల్లయింది. గోడ దగ్గరికి వెళ్లి చూడండి. ఇటీవలి మరమ్మతుల్లో పైన పూసిన సిమెంటు గీకేస్తే లోపలి రాయి బయటపడింది. అది కొండరాయి కాదు, సముద్రం నుంచి తెచ్చిన పగడపు రాయి. నిండా చిల్లులు, గీతలు. పైకప్పుకు మడచెట్టు దుంగలు. రాయి, కలప, తిండి, సంపాదన, అన్నీ వాళ్లకు సముద్రం చలవే.

ఆ సంపాదన ముత్యాలది. హైదరాబాదు ముత్యాల నగరమంటాం కదా, హైదరాబాదుకు సముద్రమెక్కడిది? నిజాం నగల్లో మెరిసే బస్రా ముత్యాలు ఈ గల్ఫ్ నీళ్లలో పుట్టినవే. ఇక్కడి ముత్యం బొంబాయి బజారుకు చేరి, అక్కణ్నుంచి లోకమంతా తిరిగేది. అబుదాబి తీరంలోని మరవా దీవి తవ్వకాల్లో దొరికిన ఒక ముత్యం దాదాపు 8000 ఏళ్ల నాటిదని తేలింది. దాన్ని 2019లో లూవ్ర్ అబుదాబి మ్యూజియంలో జనానికి చూపించారు. ఆ మ్యూజియం కప్పు 180 మీటర్ల వెడల్పు, చిల్లుల్లోంచి ఎండ చినుకుల్లా రాలుతుంది. అందరూ అక్కడ ఫొటోలు దిగుతారు, నేనూ దిగాను. కానీ నా మనసు ముత్యాలు తీసినవాళ్ల మీదే ఉంది. ముక్కుకు తాబేటి చిప్పతో చేసిన పట్టు, కాలికి రాయి, మెడలో బుట్ట. ఎండాకాలం నాలుగు నెలలూ రోజంతా మునకలే. బయల్దేరేముందే పడవ యజమాని దగ్గర బయానా తీసుకునేవాళ్లు. సీజను బాగుండకపోతే అది అప్పుగా మిగిలేది, తండ్రి పోతే కొడుకు నెత్తికెక్కేది. ఏజెంటుకు లక్షలు కట్టి, ఆ అప్పు తీర్చడానికే రెండేళ్లు చాకిరీ చేసే మన జగిత్యాల, సిరిసిల్ల మనుషులకు ఈ కథ విడమరిచి చెప్పక్కర్లేదు.

జపాన్ పెంపుడు ముత్యాలు, 1929 ఆర్థిక మాంద్యం కలిసి ఈ వ్యాపారాన్ని ముంచేశాయి. ఆ తర్వాత ముప్పై ఏళ్లు ఇక్కడ కటిక పేదరికం. 1958లో సముద్రం అడుగున ఉమ్ షైఫ్ దగ్గర చమురు పడింది, 1962లో మొదటి ఓడ వెళ్లింది. అప్పటి పాలకుడు షేక్ షఖ్బూత్‌కు ఆ డబ్బు ఖర్చు పెట్టడానికి చెయ్యి రాలేదు. 1966 ఆగస్టులో కుటుంబమే ఆయన్ను దింపి తమ్ముడు జాయెద్‌ను కూర్చోబెట్టింది. ఊరు ఊరుగా మారింది అప్పటినుంచే. దీవిని ఒడ్డుతో కలిపే మఖ్తా వంతెన కూడా 1968 నాటిదే.

ఇంతకీ అప్పటిదాకా ఇక్కడ చెలామణీ అయిన డబ్బేమిటో తెలుసా? మన రూపాయే. 1820 నుంచి ఒక్కో ఒప్పందం రాయించుకుంటూ వచ్చిన బ్రిటిష్‌వాళ్లు, 1892 తర్వాత తమను కాదని ఇంకే దేశంతోనూ వ్యవహారం పెట్టుకోనివ్వలేదు. ఆ పెత్తనమంతా 1947 దాకా నడిచింది బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం చేతుల మీదుగానే. దుబాయ్‌లో 1909లో తెరిచిన పోస్టాఫీసు మన తపాలా శాఖదే. రూపాయలిచ్చి బంగారం దొంగరవాణా చేస్తున్నారని 1959లో రిజర్వు బ్యాంకు గల్ఫ్ కోసం ప్రత్యేకంగా నోట్లు అచ్చేసింది. 1966 జూన్‌లో మన రూపాయి విలువ తగ్గించాక వీళ్లు దానికి దండం పెట్టేశారు. సొంత దిర్హమ్ వచ్చింది 1973లో. ఇప్పుడు ఆ దిర్హమ్ రేటు చూసి ఇంటికి డబ్బు పంపే రోజు ఎంచుకునేది మనం.

1968 జనవరిలో బ్రిటన్, 1971 చివరికల్లా వెళ్లిపోతామని ప్రకటించింది. క్విట్ ఇండియా చదువుకున్న మనకు వింతగా ఉంటుంది గానీ, సైన్యం ఖర్చు మేమిస్తాం, ఉండండని ఇక్కడి పాలకులు అడిగారు. బ్రిటన్ వినలేదు. ఫిబ్రవరి 18న అబుదాబి జాయెద్, దుబాయ్ రాషిద్ రెండు రాజ్యాల సరిహద్దు ఎడారిలో కూర్చుని కలిసి బతుకుదామనుకున్నారు. తొమ్మిది రాజ్యాల సమాఖ్య కావాలన్నది మొదటి ఆలోచన. మాటలు సాగీ సాగీ బహ్రెయిన్, ఖతర్ విడిగా వెళ్లిపోయాయి. 1971 డిసెంబరు 2న దుబాయ్‌లో ఆరుగురు సంతకాలు పెట్టారు, రస్ అల్ ఖైమా 1972 ఫిబ్రవరిలో చేరింది.

రాజధాని దగ్గర పేచీ రాకుండా ఏం చేశారంటే, రాజ్యాంగం పేరులోనే తాత్కాలికమని రాసుకున్నారు. అబుదాబి, దుబాయ్ చెరి కొంత నేల ఇస్తే సరిహద్దులో కరామా అనే కొత్త రాజధాని కడతామని, ఏడేళ్లలో పూర్తి చేస్తామని, అందాకా అబుదాబి నుంచి పని నడుస్తుందని తొమ్మిదో అధికరణంలో పెట్టారు. రాజ్యాంగాన్ని అయిదేళ్లకోసారి పొడిగించుకుంటూ పోయారు. కరామా లేవలేదు. 1996లో ‘తాత్కాలిక’ కొట్టేసి, అబుదాబే రాజధాని అన్నారు. ఎవరూ నిరాహార దీక్ష చేయలేదు, బస్సులు తగలబడలేదు. అయితే ఇక్కడ ఓటరు అడిగే చోటు కూడా లేదు, ఆ మాట మరిచిపోయి మెచ్చుకోకూడదు. ఫెడరల్ కౌన్సిల్‌లో 40 సీట్లుంటే అబుదాబికి 8, దుబాయ్‌కి 8. పాలకుల మండలిలో పెద్ద నిర్ణయానికి ఏడుగురిలో అయిదుగురు కావాలి, ఆ అయిదుగురిలో ఈ ఇద్దరూ తప్పనిసరి. తగవు తీర్చే పని వాయిదా వేస్తూ, ఈలోగా ఒకరినొకరు దాటిపోకుండా కట్టుదిట్టం చేసుకున్నారు. చమురు డబ్బు అబుదాబిది కాబట్టి కాలం అటే మొగ్గింది.

షేక్ జాయెద్ మసీదుకు సాయంత్రం వెళ్లాను. 82 గుమ్మటాలు, లోపల 5,600 చదరపు మీటర్లకు పైగా పరిచిన ఒకే తివాచీ. 2004లో పోయిన జాయెద్ సమాధి ఆ ఆవరణలోనే ఉంది. దాని గురించి రాసినవాళ్లు చాలామంది, నేను ఆపుతాను.

రాత్రి అబుదాబి శివారు ముసఫాలో మా చిన్నాయన గదిలో పడక. బంకు మంచాలు, వాకిట్లో ఆరేసిన డ్రెస్సులు, పొయ్యి మీద పప్పుచారు. కడప వాళ్లిద్దరు, మిగతా జగిత్యాల వాళ్లు. అన్నం తింటూ ఈ కరామా కథంతా చెప్పాను. దుబాయ్ కరామాలో హోటళ్లు తప్ప ఇంకో కరామా ఉందని వాళ్లెవరూ వినలేదు. హైదరాబాదు మాదంటే మాదని అంతకు ముందే ఒక విడత వాదన అయిపోయింది.

పెద్దాయన ఒకరు కంచం పక్కన పెట్టి అడిగాడు: “గా కరామల వెంచర్ ఏమన్న ఏసిండ్రా తమ్మీ?”

“లేదన్నా, ఇసకే.”

“మంచిగయింది” అని చెయ్యి కడుక్కోవడానికి లేచాడు.