డార్విన్‌ది మేనరికమే

పులికాట్‌లో నీళ్లు నిండుగా ఉన్న ఏడు, చలికాలంలో సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డు మీద బండి ఆపితే ఫ్లెమింగోలు గుంపులుగా కనిపిస్తాయి. జత కోసం వెతుక్కునే కాలంలో వీటి హడావుడి అంతా ఇంతా కాదు. మెడలు నిలువునా చాచి, తలలు అటూ ఇటూ తిప్పుతూ, గుంపంతా ఒకే దిక్కుకు నడుస్తూ ఉన్నట్టుండి రెక్కలు విప్పి లోపలి ఎరుపూ నలుపూ చూపిస్తాయి. తోక మొదట్లోని గ్రంథిలో ఊరే రంగు నూనెను చెంపతో అద్దుకుని మెడకూ వీపుకూ పూసుకుంటాయని స్పెయిన్ పరిశోధకులు 2010లో రాశారు. ఆడవీ మగవీ రెండూ పూసుకుంటాయి. పిల్లల పెంపకం మొదలయ్యాక ఆ సింగారం తగ్గిపోతుంది.

బతకడానికి అక్కరకు రాని ఈ సోకులెందుకన్న ప్రశ్న చార్లెస్ డార్విన్‌ను చాలాకాలం వేధించింది. నెమలి ఈక చూస్తేనే వికారంగా ఉంటోందని 1860లో ఒక మిత్రుడికి రాసుకున్నాడు. 1871లో ‘ది డిసెంట్ ఆఫ్ మ్యాన్’లో జవాబు విప్పి చెప్పాడు: బతికి బట్టకట్టడం ఒక ఎత్తు, జత దొరకడం మరో ఎత్తు. నచ్చినవాటికే పిల్లలు పుడితే, నచ్చిన లక్షణమే తరతరాలకూ మిగులుతుంది. మగవాడి గడ్డం సహా మనుషుల రూపురేఖల్లో చాలావాటిని ఆయన ఈ లెక్కలోనే వేశాడు. అన్నిటికీ ఇదే కారణమంటే ఇప్పటి శాస్త్రవేత్తలు ఒప్పుకోరనుకోండి.

ఆ పుస్తకంలోనే మనం ఆగి చదవాల్సిన చోటు ఒకటుంది. మనుషుల్లో ఈ ఎంపికకు అడ్డుపడేవాటిలో చిన్ననాడే పెళ్లి ఖాయం చేయడాన్ని డార్విన్ లెక్కగట్టాడు. పిల్ల ఉయ్యాల్లో ఉండగానే ‘ఇది మావాడికే’ అనేసే మేనత్తలు నెల్లూరు సీమలో ఎంతమంది లేరు! సంబంధం బయటికి పోకూడదు, పొలం బయటికి పోకూడదు. ఇక పిల్లకు నచ్చడం, నచ్చకపోవడం అన్న మాటెక్కడిది? మన దగ్గర ఎంపిక పెద్దల చేతికి పోయింది. పెళ్లిచూపుల్లో రంగూ ఎత్తూ కొలిచేది చాలాసార్లు కాబోయే అత్తగారే.

అంత రాసిన డార్విన్ చేసుకున్నది ఎవరిని? 1838లో పెళ్లి వల్ల లాభాలూ నష్టాలూ కాగితం మీద రాసి బేరీజు వేసుకున్న పెద్దమనిషి, 1839 జనవరిలో ఎమ్మా వెడ్జ్‌వుడ్ మెడలో... కాదు, వేలికి ఉంగరం తొడిగాడు. ఆమె స్వయానా మేనమామ కూతురు. అంతకు ఏడాదిన్నర ముందే డార్విన్ అక్క కారొలీన్, ఎమ్మా అన్నను పెళ్లాడింది. అచ్చంగా మన కుండమార్పిడి.

డార్విన్, ఎమ్మాల పదిమంది పిల్లల్లో ముగ్గురు చిన్నతనంలోనే పోయారు. 1851లో పదేళ్ల ఆనీ పోయిన దుఃఖం డార్విన్‌ను జీవితాంతం వదల్లేదు. దగ్గరి పెళ్లే కొంప ముంచిందేమోనన్న దిగులు ఆయనకుండేది. మేనమామ కూతురైతే, ఒకే పూర్వీకుడి జన్యువు రెండు వైపుల నుంచీ బిడ్డకు అందే అవకాశం 16లో 1. అక్క కూతుర్ని చేసుకుంటే 8లో 1. లోపమున్న జన్యువు జంటగా చేరితే జబ్బు బయటపడుతుంది. ఈ లెక్క తెలియని కాలంలోనే, 1871 జనాభా లెక్కల్లో దగ్గరి పెళ్లిళ్ల ప్రశ్న చేర్పించాలని డార్విన్ ప్రయత్నించాడు. బ్రిటిష్ పార్లమెంటు ఒప్పుకోలేదు.

వందేళ్లు తిరక్కముందే, కలకత్తాలో జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ శిష్యుడైన పిఠాపురం వాడు ద్రోణంరాజు కృష్ణారావు ఆంధ్రదేశపు మేనరికాల మీద పరిశోధన చేశాడు. ఇప్పుడు జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేవాళ్లు గుమ్మంలోకి వచ్చి, పెళ్లికి ముందు మీ ఆయన మీకేమైనా చుట్టమా అని అడుగుతున్నారు. అవునన్న జవాబు ఎక్కువగా వచ్చే రాష్ట్రాల్లో మనది ఒకటి.