దేహానికి తూకం, తెలుగులో ఒక సందేశం

మా ఆర్మూరు సీమలో తూకమంటే పసుపు తూకమే. కొమ్ము వేరు, గోళ వేరు. దడువాయి కాంటా చూసి చెప్పిన అంకె మీద రైతు ఏడాది కష్టం ఆధారపడి ఉంటుంది. పంటను ఇంత జాగ్రత్తగా తూచుకునే మనకు సొంత దేహాన్ని తూచుకునే అలవాటు మాత్రం మొన్నమొన్నటిది. ఇప్పుడా పనికి జేబులోని ఫోను తోడైంది. ఇది ఎట్లా వచ్చిందో, ఇందులో మన తెలుగుకు దక్కిన చోటెంతో ఈ టపాలో నాలుగు మాటలు రాస్తున్నాను.

స్థౌల్యాన్ని గురించిన చింత కొత్తది కాదు. చరకసంహిత సూత్రస్థానంలో ‘అష్టౌనిందితీయ’మని ఒక అధ్యాయమే ఉన్నది. నిందితులైన ఎనమండుగురిలో అతిస్థూలుని, అతికృశుని విశేషించి చెప్పారు. స్థూలునికి యవలు, అరికెలు, పెసలు, ఉలవలు హితమన్నారు. మన తాతలు తిన్న తిండే కదా! అయితే అక్కడ లక్షణాలే కొలత, అంకె లేదు. అంకె ఐరోపా నుండి వచ్చింది. బరువు ఎత్తు వర్గాన్ని అనుసరించి పెరుగుతుందని 1832లో బెల్జియం పండితుడు కెత్లే గమనించాడు. 1972లో ఆన్సెల్ కీస్ ఆ నిష్పత్తికి ‘బాడీ మాస్ ఇండెక్స్’ అని పేరు పెట్టాడు.

తిండికి అంకెలు వేసిన పని మాత్రం మనవాళ్లదే అనుకోవచ్చు. కూనూరులో పుట్టిన పోషకాహార పరిశోధనాలయం 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, తరువాత జాతీయ పోషకాహార సంస్థ అయింది. 1971లో గోపాలన్ ప్రభృతులు ప్రకటించిన పోషక విలువల పట్టికలు దేశమంతటా ప్రామాణికమైనాయి. 2017 నాటి కొత్త పట్టికల్లో 528 ఆహారపదార్థాలున్నాయి.

ఇక ఫోను సంగతి. 2009లో నోకియా సంస్థ ‘లైఫ్ టూల్స్’ పేర రైతులకు మార్కెట్టు ధరలు, వాతావరణ సమాచారం దేశభాషల్లో పంపే సేవ ఆరంభించింది. మామూలు బటన్ ఫోను చాలు. 2012లో ‘ఆరోగ్య వరల్డ్’ అనే స్వచ్ఛంద సంస్థ అదే దారిన మధుమేహ నివారణ సందేశాలు పంపింది. ఆరు నెలల్లో 56 సందేశాలు, 12 భాషలు, పది లక్షల మంది. ఆ భాషల్లో తెలుగు ఒకటి. సందేశాలు అందినవారు పండ్లు, కూరగాయలు పెంచి కొవ్వు తగ్గించారని 2016లో వెలువడిన అధ్యయనం తెలిపింది. ధరలు చూసుకునే తెర మీదే తిండి మాట కూడా రావడం నాకు చాలా ఔచిత్యంగా తోస్తుంది.

ఇంత చిన్న సందేశం ఏం చేయగలదని సందేహించేవారికి ఇంకొక సాక్ష్యమున్నది. చెన్నై వైద్యుడు రామచంద్రన్ బృందం మధుమేహపు గడప మీద నిలిచిన 537 మంది పురుషులను రెండేళ్లు పరిశీలించి, 2013లో ఫలితాలు ప్రకటించింది. సందేశాలు అందినవారిలో 18 శాతం, మొదట చెప్పిన సలహాతోనే సరిపెట్టుకున్నవారిలో 27 శాతం మధుమేహులైనారు. తేడా స్వల్పం కాదు.

అయినా నోకియా సేవ 2013తో ముగిసింది. స్మార్టుఫోన్లు వచ్చాయి, అడుగులు లెక్కపెట్టడం మొదలైంది. రోజుకు పదివేల అడుగులన్నది ఏ వైద్యుడో విధించినది కాదు. 1965లో జపానులో అమ్మిన ఒక అడుగుల మీటరు పేరది! వృద్ధ మహిళల మీద 2019లో వెలువడిన అధ్యయనంలో 7,500 దాటిన తరువాత అదనపు మేలు కనబడలేదు. నవనాథ సిద్ధుల గుట్ట మెట్లు ఎక్కితే ఫోను మెచ్చుకుంటుంది గానీ, మోకాళ్ల మాట దానికి తెలియదు.

తిండి నమోదు చేసే ఒక యాప్ నా ఫోనులోనూ ఉన్నది. పిజ్జా దానికి చిరపరిచితం, సర్వపిండి మాత్రం అపరిచితం. హైదరాబాదు పోషకాహార సంస్థ మన వంటకాల లెక్కతో ‘న్యూట్రిఫై ఇండియా నౌ’ తెచ్చింది, సంతోషమే. దానికీ స్మార్టుఫోను కావాలి.

మా వీధిలో ఒక పెద్దాయన, పసుపు రైతు, చక్కెర వ్యాధి ఉన్నది. ఇప్పటికీ బటన్ ఫోనే. సాయంత్రం అరుగు మీద కూర్చుని “సారూ, రెండు జొన్నరొట్టెలు తిన్న, నీ ఫోనేమంటున్నది?” అని అడుగుతాడు. నేను ఇంగ్లీషు అక్షరాల్లో వెతికి, వచ్చిన అంకెను తెలుగులో ఆయనకు చెబుతున్నాను.