తనఖాలో నున్న గృహము: క్రయమునకు కలుగు జాప్యము

“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అన్న పెద్దలు ఇల్లు కొని చూడుమని చెప్పలేదు. ధర నిశ్చయించుకొని, బజానా యిచ్చి, గృహప్రవేశమునకు ముహూర్తము పెట్టుకొన్న పిమ్మట ఆ యిల్లు తనఖాలో నున్నదని తెలిసినచో, ముహూర్తము దాటిపోవును గాని చిక్కు విడిపోదు. ఈ చిక్కునకు మూలము ఒక్కటే ప్రశ్న. అప్పు తీర్చలేని వాని యిల్లు ఎప్పుడు వానిది కాకుండ పోవును?

యాజ్ఞవల్క్యస్మృతి దీనికి లెక్క కట్టినది. కుదువపెట్టిన ఋణమునకు వడ్డి నెలకు అసలులో ఎనుబదవ భాగము. అనగా నూటికి రూపాయి పావలా. ఏమియు చెల్లింపనిచో 80 నెలలకు, అనగా 6 సంవత్సరముల 8 నెలలకు, ఋణము రెట్టింపగును. అప్పటికిని విడిపింపని కుదువ ఋణదాత పాలగును. గడువు పెట్టి యిచ్చినది ఆ గడువుతోనే పోవును. పంటనో ఫలమునో అనుభవించుటకై యిచ్చిన ఫలభోగ్యము మాత్రము ఎన్నటికిని నశింపదు. ఈ స్మృతికి విజ్ఞానేశ్వరుడు మితాక్షర యను వ్యాఖ్య వ్రాయగా, 13వ శతాబ్దిలో కేతన దానిని విజ్ఞానేశ్వరీయమను పేర తెనిగించెను. వ్యవహారశాస్త్రమును పద్యములలో చదువుకొనుభాగ్యము తెలుగువారికి అంత పూర్వమే కలిగినది.

మదరాసు రాజధానిలో చేరిన తెలుగు జిల్లాలలో ముద్దతు క్రయమను పద్ధతి యుండెడిది. గడువులోగా సొమ్ము ముట్టనిచో ఆ పత్రమే క్రయపత్రమగునని వ్రాసికొనెడివారు. 1858 నుండి మదరాసు సదరు అదాలతు, గడువు దాటినను ఋణస్థుడు విడిపించుకొనవచ్చునని తీర్పులు చెప్పసాగెను. పిమ్మట లండనులోని ప్రీవీ కౌన్సిలు, వ్రాసికొన్న షరతే చెల్లునని ఆ తీర్పులను తప్పుపట్టినది. 1875లో మరల విచారించి, శాసనము చేయుట మేలని సూచించినది. ఈ నడుమ అట్టి యిల్లు కొనగోరినవాడు ఋణస్థుని యొద్ద కొనవలెనో, ఋణదాత యొద్ద కొనవలెనో ఎవరు చెప్పగలరు? తుదకు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము 60వ సెక్షనున విమోచన హక్కును స్థిరపరచినది.

హక్కు స్థిరపడినను జాప్యము తగ్గలేదు. ఋణదాత దావా వేసినచో మొదట ప్రాథమిక డిక్రీ, సొమ్ము చెల్లించుటకు గడువు, ఆ పిమ్మట అంత్య డిక్రీ. దావా నడుచుచుండగా కొన్నవాడు 52వ సెక్షను ననుసరించి ఆ తీర్పునకు లోబడవలసినదే. మదరాసు మొదలగు కొన్ని పట్టణములలో దస్తావేజులను ఋణదాత చేతి కిచ్చుటయే తనఖాగా చెల్లెను. దానికి రిజిస్టరు పత్రము అక్కరలేనందున ఎన్కంబరెన్సు సర్టిఫికెట్టులో దాని జాడ కనబడకపోవచ్చును. అసలు దస్తావేజు అడుగక, నకలు చూచి బజానా యిచ్చినవారు మోసపోవుట ఇచ్చటనే.

విడిపించుకొనుటకు 1908 నాటి కాలపరిమితి చట్టము 60 సంవత్సరము లీయగా, 1963 నాటి చట్టము దానిని 30కి తగ్గించినది. అయితే స్వాధీన తనఖా విషయమున, తనఖా వ్రాసిన నాటినుండి ఆ 30 సంవత్సరములను లెక్కింపరాదని 2014లో సుప్రీము కోర్టు తీర్పు చెప్పినది. ఫలభోగ్యము నశింపదన్న యాజ్ఞవల్క్యుని మాట ఇంచుమించు మరల వినవచ్చినది.

కావున తనఖాదారు వారసులు రెండు తరములుగా కాపురమున్న యిల్లయినను, దానిని కొనదలచినవాడు అసలు యజమాని మనుమలను వెదకికొని పోవలసినదే. అది పిత్రార్జితమైనచో, ఆంధ్రప్రదేశమున 1986 నాటి సవరణచేతను, దేశమంతటను 2005 సవరణచేతను ఆడపడుచులకును పుట్టుకతో భాగము కలిగినది. వారిలో ఒకరు దూరదేశమున నున్నచో, వారి సంతకము వచ్చువరకు క్రయపత్రము వ్రాతబల్లమీదనే యుండును.