కాలవ నీళ్లు కట్టిన ఊరు

పొద్దున్న ఏడు. ఇక్కడి వాళ్లని టైమ్ అడిగితే ఒంటిగంట అంటారు. స్వాహిలీ లెక్కలో గంటలు తెల్లవారడంతో మొదలవుతాయి. ఉత్తర టాంజానియాలో, అరూషా నుంచి గోరోంగోరో వెళ్లే తారు రోడ్డు మీద, ఎంటో వా ఎంబు అనే చిన్న పట్టణంలో దిగారు మీరు. పడమటి దిక్కుని మూసేస్తూ గ్రేట్ రిఫ్ట్ లోయ కొండ. రోడ్డు పొడవునా అరటి గెలలు. తొక్క ఎర్రగా ఉండే రకం మీదే టూరిస్టుల కన్ను. సఫారీ జీపు ఆగుతుంది, నాలుగు పళ్లు కొంటారు, ఫొటో తీసుకుంటారు, పోతారు. అసలు బేరం పక్కన లారీ దగ్గర జరుగుతోంది.

బజాజీ ఎక్కండి. మన బజాజ్ ఆటోయే, ఈ దేశంలో మూడు చక్రాల బండికి అదే పేరు. తోటల దారిలో దిగగానే చెప్పులు తడుస్తాయి. ఎవరో పారతో గట్టు తెంచి వంతు నీళ్లు మళ్లించుకుంటున్నారు. అవతల మోకాలి లోతు బురదలో ఆడవాళ్లు వరి నాట్లేస్తున్నారు.

ఊరికి ఆధారం ఈ నీళ్లే. కొండ అడుగున ఊటలున్నాయి, పైనుంచి వాగులొస్తాయి. 1950లలో సాగునీటి కాలవలు పడ్డాక దేశం నలుమూలల నుంచి జనం దిగారు. కొండ మీది నుంచి ఇరాక్వీలు. కొండోవా వైపు నుంచి రంగీలు. టాంగన్యికా సరస్సు ఒడ్డున ఉన్న కిగోమా నుంచి వచ్చినవాళ్లు పామాయిల్ తీస్తారు. మొజాంబిక్ సరిహద్దు నుంచి వచ్చిన మకోండేలు నల్లచేవ కర్రలో బొమ్మలు చెక్కుతారు. దేశంలోని 120 పైచిలుకు జాతులూ ఈ ఒక్క ఊళ్లోనే ఉన్నాయని గైడ్లు చెబుతారు. ఆ లెక్క నేను నమ్మను గానీ, నాలుగిళ్లు దాటేసరికి వంటింటి వాసన మారుతున్న మాట నిజం.

ఇదిగో, ఈ పులిసిన వాసన కిలిమంజారో నుంచి వచ్చిన చాగాల ఇంటిది. అరటిపళ్లు ఉడకబెట్టి, పులియబెట్టి, మొలకెత్తిన రాగుల పిండి కలిపి ఎంబేగే అనే బీరు కాస్తారు. బుర్రలో పోసి ఇస్తారు. చిక్కగా, పుల్లగా, అడుగున రాగి పిండి పంటికి తగులుతూ ఉంటుంది. ఒక్క గుక్కతో ఆపితే ఇంటావిడ చిన్నబుచ్చుకుంటుంది.

ఎండ ముదిరేసరికి బజారుకి రండి. పెద్దావిడ కనిపిస్తే ముందు ‘షికమూ’ అనాలి. ‘మరహబా’ అని ఆవిడ బదులిచ్చాకే ధర అడగాలి. ఎర్ర శాలువాల్లో మసాయిలు మేకలు అమ్మి, ఉగాలి సంగటికి మొక్కజొన్న పిండి కొనుక్కుని వెళ్తున్నారు. డబ్బు ఫోన్లోంచి ఫోన్లోకి పోతోంది. ఎం-పెసా అనే ఈ సేవ 2008లోనే టాంజానియాకి వచ్చింది. ఉల్లిపాయల గోనెలు చూడండి. మూతి కుట్టాల్సిన చోట తాళ్లతో అల్లి, పైన మరో గోనె మేర ఎత్తుగా నింపారు. దీన్ని లుంబేసా అంటారు. రైతుకి దక్కేది ఒక్క గోనె డబ్బు, తూకం లాభం దళారిది. నిషేధం ఉంది. లుంబేసా కూడా ఉంది.

కొండ మీద పొలాల మట్టి వానకి కొట్టుకొచ్చి ఇక్కడి కాలవల్లో, కింద మన్యారా సరస్సులో పూడుతోంది. సరస్సులో కొంత భాగం 1960 నుంచి జాతీయ పార్కు కింద ఉంది, దాన్ని చూడ్డానికి ప్రపంచం వస్తుంది. కాలవల పూడిక మాత్రం పార పట్టిన రైతే తీసుకోవాలి.