‘ఈనియడ్’ తుదిఘట్టమున ఒక క్రియాపదము

వర్జిల్ మహాకవి క్రీ.పూ. 19వ సంవత్సరమున బ్రుండిసియమ్ రేవుపట్టణమున మరణించునాటికి ఈనియడ్ కావ్యపు సంస్కరణము ముగియలేదు. దానిని దగ్ధము చేయుడని ఆయన కోరెననియు, అగస్టస్ చక్రవర్తి యాజ్ఞచే వేరియస్, టక్కా అను మిత్రులు ప్రకటించిరనియు ప్రాచీన జీవితచరిత్రలు చెప్పుచున్నవి. కావ్యమున కొన్ని పంక్తులు సగములోనే నిలిచిపోయిన మాట నిజము. కాని కావ్యాంతము అసంపూర్ణమని మేము తలపము. పండ్రెండవ సర్గము చివర నాయకుని చేతిలోని కత్తికి కవి వాడిన క్రియ, మొదటి సర్గము అయిదవ పంక్తిలో నగరనిర్మాణమునకు వాడిన క్రియయే. ఆ సంబంధమును తెలుగున నిలుపుట యెట్లన్నదే ఇచట మా విచారము.

ఘట్టము చిన్నది. ట్రాయి నగరము కాలిపోగా ఇటలీ చేరిన ఈనియస్‌కును, రుటూలియనుల నాయకుడగు టర్నస్‌కును ద్వంద్వయుద్ధము జరుగును. ఈటె తొడను చీల్చగా టర్నస్ మోకాలిపై కూలి ఓటమి నంగీకరించును. లవీనియాను విడిచిపెట్టితి ననును. ముసలివాడైన తన తండ్రిపై దయదలచి, నీ తండ్రి యగు అంఖైసీస్‌ను స్మరించి, నన్ను గాని నా శవమును గాని నావారి కిమ్మని వేడును. ఈనియస్ చేయి ఆగును. అంతలో టర్నస్ భుజముపై ఒక పట్టిక కనబడును. అది పాలస్ అను బాలునిది. తండ్రి ఎవాండర్ అతనిని ఈనియస్‌కు అప్పగించి పంపెను. టర్నస్ అతనిని చంపి ఆ పట్టికను తాను ధరించెను. దానిపై పెండ్లిరాత్రి హతులైన పెండ్లికొడుకుల చిత్రము చెక్కబడియున్నది. దానిని చూచి ఈనియస్ కోపముతో మండిపడి, నిన్ను బలి యిచ్చువాడు పాలసే యని పలికి కత్తి దింపును.

ఈ వధను గూర్చిన వాదము నేటిది కాదు. నాల్గవ శతాబ్ది తొలినాళ్ల క్రైస్తవ రచయిత లాక్టాన్షియస్, ఏ తండ్రి పేరిట తన్ను వేడిరో ఆ తండ్రినే మఱచి కోపమును పట్టలేనివానికి సద్గుణ మెక్కడిదని నిలదీసెను. వ్యాఖ్యాత సర్వియస్ దీనికి సరిగా విరుద్ధముగ వ్రాసెను: క్షమింపదలచుట ఈనియస్ దయకు గుర్తు, చంపుట ఎవాండర్ ఎడ కర్తవ్యమునకు గుర్తు, రెండును కీర్తికే. మా దృష్టిలో ఈ వ్యాఖ్య వకీలు వాదమును పోలియున్నది. తీర్పు ఎట్లు వచ్చినను కక్షిదారుడు గెలువవలసినదే! 1428లో ఇటలీ కవి మాఫెయో వెజియో ఏకముగా పదమూడవ సర్గమునే వ్రాసి, టర్నస్ అంత్యక్రియలను, లవీనియా వివాహమును, ఈనియస్ స్వర్గారోహణమును చేర్చెను. 15, 16 శతాబ్దుల ముద్రణములు పెక్కింట ఇది మూలముతోపాటు వెలువడెను. 1513లో గావిన్ డగ్లస్ ముగించిన స్కాట్ భాషానువాదమున సైతము దీనికి చోటు దొరకెను. కావ్యము ఒక చావుతో ఆగిపోవుటను పాఠకలోకము ఓర్వలేకపోయె ననుటకు ఇంతకంటె సాక్ష్యమేల? మన కాలమునకు చేరువలో ఆడమ్ పారీ 1963లో ఈ కావ్యమున విజయస్వరమును, విలాపస్వరమును వేఱువేఱుగ వినెను. మైకేల్ పట్నమ్ 1965 నాటి గ్రంథమున ఈ ముగింపును ఈనియస్ నైతిక పరాజయముగ భావించెను. 1988లో కార్ల్ గాలిన్‌స్కీ, ప్రాచీనుల నీతిశాస్త్రమున న్యాయమైన కోపమునకు స్థానము కలదని బదులు చెప్పెను.

ఇక ఆ క్రియ. లాటిన్‌లో ‘కొందెరె’ అనగా ధాన్యమును భద్రపరచుట, దాచుట, మృతుని పాతిపెట్టుట, నగరమును స్థాపించుట. ఇందలి ధాతుభాగము సంస్కృత ‘ధా’ ధాతువునకు చుట్టము. మొదటి సర్గమున నగరమును, పిదప ముప్పదిమూడవ పంక్తిలో రోమను జాతిని స్థాపించుటకు కవి ఈ పదమునే వాడెను. చివర టర్నస్ ఱొమ్మున కత్తిని దింపుటకును ఇదియే. 1995లో షారన్ జేమ్స్ ఈ పదమును గూర్చి ప్రత్యేకముగ ఒక వ్యాసము వ్రాసెను. అయితే తొమ్మిదవ సర్గమున యూరియలస్ శత్రువక్షమున కత్తిని దించుటయు ఈ క్రియచేతనే చెప్పబడినది. కనుక పదమొక్కటియే ఈనియస్‌ను దోషిగ నిర్ణయింపజాలదు. నగరనిర్మాణమును వాగ్దానము చేసిన కావ్యము నగరము కనబడకమునుపే ఆ క్రియతో ముగియుటయే విశేషము.

ఆంగ్లము ద్వారా వచ్చువానికి ఈ సంబంధము అందదు. ఆ భాషలో నగరమునకు ఒక క్రియ, కత్తికి వేఱొకటి. మేమును తొలుత ‘స్థాపించు’, ‘పొడుచు’ అనియే వ్రాసికొంటిమి. మూలమును చూచిన పిదప రెండింటిని కొట్టివేసితిమి. తెలుగున ‘పాతు’ ధాతువు చాలవఱకు సరిపోవును. పాతర, పాతిపెట్టుట, గుంజ పాతుట అన్నియు దాని సంతానమే. కాని నగరమును పాతుట యన్నచో పూడ్చివేయుట యను అర్థము వచ్చును. ‘నాటు’ మేలు. ఱొమ్మున బాణము నాటుట మన కవులకు నిత్యప్రయోగము. విత్తును, స్తంభమును నాటుదుము. జాతిని నాటుట యనినను చెవికి వెగటు కాదు. నగరమును నాటుట మాత్రము కొంత మోటుగ నుండును. ‘నెలకొల్పు’ సొంపైనదే. కాని మొదటి పుటలో ఆ సొంపును కోరినవాడు చివరి పుటలో కత్తిని నెలకొల్పలేడు. మేము మోటుదనమునే అంగీకరించుచున్నాము.

మఱియొక చిక్కు ‘పియుస్’ అను విశేషణము. దేవతలయెడ, తండ్రియెడ, జాతియెడ కర్తవ్యము తప్పనివాడని దాని భావము. ఈనియస్‌కు ఇది బిరుదము వంటిది. ఈ తుదిఘట్టమున కవి దానిని వాడలేదు. ఆయుధములతో ఉగ్రుడై నిలిచె నని మాత్రమే చెప్పెను. పద్యము వ్రాయు తెలుగు కవికి యతి కుదురనిచోట ‘ధర్మనిరతుడు’ వంటి మాట చేతికందుట సులభము. ఆ యొక్క పూరణపదము పదునాఱు శతాబ్దుల వాదమును సర్వియస్ పక్షమున తేల్చివేయును. పైగా మనకు భారతసంస్కారము అడ్డువచ్చును. కర్ణుని రథచక్రము నేల గ్రుంగినపుడు అభిమన్యుని చావును గుర్తుచేసి వధను సమర్థించుటకు కృష్ణుడు పక్కనున్నాడు. ఇచట ఎవ్వరును లేరు. భుజముమీది పట్టిక తప్ప గుర్తుచేయునది లేదు. అనువాదకుడు కృష్ణుని పాత్ర వహింపరాదు.

చలికి అవయవములు సడలుట యను మాటలతో టర్నస్ మరణము మొదలగును. మొదటి సర్గమున తుపానులో చిక్కిన ఈనియస్ మనకు తొలిసారి కనబడునప్పటి మాటలును అవియే. అనువాదమునను రెండుచోట్ల అవియే ఉండవలెను. కావ్యపు చివరి పంక్తి సైతము క్రొత్తది కాదు. పదునొకండవ సర్గమున కమిల్లా అను వీరవనిత చావునకు వాడినదే అక్షరము మాఱక మరల వచ్చును. వృత్తములలో వ్రాసినచో ప్రాస అడ్డుతగిలి ఆ పాదము మాఱిపోవును. తేటగీతికి ప్రాసనియమము లేదు. ఆ రెండు చావులను తేటగీతిలో చెప్పినచో ఒకే పాదము రెండు పద్యములందును ఇముడును.