గోగునార చరిత్రము

మా గడివేముల ప్రాంతమున గోంగూర వండని యిల్లు లేదు. పచ్చడి నూరి యేడాది పొడుగున జాడిలో నిలువచేయు గృహిణులును గలరు, పప్పులో వేసి నాటికి నాడు ముగించువారును గలరు. కొందఱు దానిని పుంటికూర యందురు. కాని యా యాకు నిచ్చు గోగుమొక్క కాండమునుండి నార వచ్చుననియు, రెండు తరముల క్రిందట ఆ నారయే మన యెద్దులను గట్టినదనియు, కపిలబావినుండి నీటిని పైకి లాగినదనియు నెఱిగిన బాలుడు గాని బాలిక గాని నా తరగతిలో లేరు.

క్రిందటి యేడు పాఠమునడుమ "నార" యను పదము రాగా, త్రాడు దేనితో పేనుదురని పిల్లల నడిగితిని. అందఱును ఒక్క గొంతుతో "ప్లాస్టిక్కుతో" అనిరి. నేను నవ్వితిని. ఇంటికి వచ్చి యాలోచింపగా నా నవ్వు తగనిదని తోచెను. శణశబ్దమునకు ప్రయోగములు చూపగలను. గోగునకు వృక్షశాస్త్రజ్ఞులు పెట్టిన లాటిన్ నామమును చెప్పగలను. గోగుకట్టెనుండి నార తీసి మూరెడు త్రాడు పేనుమన్నచో నాకును చేతగాదు. ఈ వ్యాసమున కా సిగ్గే మూలము.

పంట యనగా పొలములో పండునదే యని మనము తలచుచున్నాము. ధాన్యము విషయమున నిది కొంతవఱకు నిజము. నారపంట యట్లు గాదు. కోసిననాడు గోగుకట్టె వంటచెఱకుకంటె నెక్కువ విలువ చేయదు. కోతకును మిల్లునకును నడుమ గడచు మూడు నాలుగు వారములలో, నీటియొద్ద నిలిచిన చేతులే దానిని నారగా చేయును, లేదా చెఱచును. ఆ చేతుల చరిత్రమును మనవారు వ్రాయలేదు. ఆ విద్యను బడిలో నేర్పలేదు. పైగా దానిని చిన్నచూపు చూచిరి. ఈ సంగతినే పాఠకులకు మనవి చేయదలచితిని.

నారమొక్కలు మనకు క్రొత్తవి గావు. సంస్కృతమున శణమనబడునది మన జనుము. మనుస్మృతి రెండవ యధ్యాయమున క్షత్రియ బ్రహ్మచారికి శణసూత్రముతో యజ్ఞోపవీతమును, వైశ్య బ్రహ్మచారికి శణతంతువులతో మేఖలయు విధింపబడినవి. కౌటిల్యుని యర్థశాస్త్రమున కుప్యాధ్యక్షుడు సేకరింపవలసిన వస్తువులలో వల్కవర్గమని ప్రత్యేకముగా నొక తెగ కలదు. శణము, అతసి, జిల్లేడు మొదలగునవి యందు లెక్కింపబడినవి. సూత్రాధ్యక్ష ప్రకరణమున, శణాదులను వడకు పనిని విధవలకును, అంగవైకల్యము గల స్త్రీలకును, మఱి యాధారము లేని యితర స్త్రీలకును ఇప్పింపవలెనని కౌటిల్యుడు చెప్పెను. నూలు నాణ్యమునుబట్టి కూలి నిర్ణయింపవలెననియు, కూలి యిచ్చుటలో కాలహరణము చేసినవానికి దండము విధింపవలెననియు నతని మతము. వడకు చేతికి సకాలమున కూలి ముట్టవలెనన్న విచారము మనదేశమున నంత పాతది.

ఇంత ప్రతిష్ఠ గల నారకు తరువాతి కాలమున అపకీర్తి పట్టినది. మధ్యపరగణాలలోని కులములనుగూర్చి రస్సెల్ దొర 1916లో ప్రకటించిన గ్రంథమున, పై కులముల సేద్యగాండ్రు జనుము విత్తుట తమకు తగదని తలచుచుండిరనియు, అందుచే నా పంటయు గోనెల నేతయు కొన్ని చిన్న కులములపాలైనవనియు వ్రాయబడియున్నది. మన దక్షిణదేశముననుగూడ జనుపనారతో గోనెలు చేయువారికి జనపవారన్న పేరును, గోనెసంచులలో సరకు నింపి యెద్దులపై మోయించువారికి పెరికవారన్న పేరును వచ్చినట్లు థర్స్టన్ 1909లో ప్రకటించిన సంపుటములవలన తెలియుచున్నది. పని పేరే కులము పేరైనది. ఊరిన కట్టెల దుర్గంధమే యీ యేవగింపునకు ముఖ్యకారణమని నా యూహ. ఒక కాలమున భుజమున ధరింపుమని శాస్త్రము చెప్పిన దారమును పండించుటకే మఱియొక కాలమున జనులు సిగ్గుపడిరి!

ఇక మా సీమకు వత్తము. గడివేముల 2022లో నంద్యాల జిల్లా యేర్పడువఱకు కర్నూలు జిల్లాలోనిది. కుందూనది యీ మండలముగుండా నంద్యాలవైపు సాగును. ఇచ్చటి నల్లరేగడి పత్తికిని జొన్నకును ప్రసిద్ధము. గోగును పొలమంతయు విత్తిన రైతు మా సీమలో అరుదు. జొన్నచేని యంచులలో రెండు సాళ్లు, పత్తినడుమ నొక సాలు విత్తుట దక్కనునందంతటను గల వాడుక. లేతయాకు కూరకును, గింజ పశువుల దాణాకును, నార త్రాళ్లకును, నార తీసిన పుల్ల పొయిలోనికిని వచ్చెడిది. ఆ నారతోనే పగ్గములు, పలుపులు, తలుగులు, కోడెల మూతికి చిక్కములు, వంటింట ఉట్లు, మంచమునకు నులక, కపిలకు మోకు సిద్ధమగుచుండెను. ఇవి యేవియు సంతలో కొనవలసిన పని లేకుండెను. అందుచేతనే యిది లెక్కలకెక్కని పంట; లెక్కలకెక్కనిదానిని చరిత్రకారులును మఱచిరి.

మా యూరి సమీపమున నెనుబది యేండ్లు దాటిన పెద్దాయన యొకడు కలడు. నా ప్రార్థనపై నతడు తన మనుమని చేనిగట్టున మొలచిన గోగును కోసి, కుంటలో నూరవేసి, మా పిల్లలకు నార తీయు విధము చూపెను. "ఎన్ని దినాలు నానబెట్టాల తాతా?" అని యొక బాలిక యడిగెను. అతడిట్లనెను: "దినాల లెక్క యాడుందిమ్మా? ఎండ కాస్తే బిరీన ఊరుతాది, మబ్బు పడితే ఆలస్యమైతాది. పదో దినం నుంచి పొద్దున్నే పోయి కట్టె విరిచి సూడాల. నార జారితే తీసెయ్యాల. ఒక్క దినం ఏమర్తిమా, చేతికొచ్చేది నార కాదు, బురద."

చదువురాని యా వృద్ధుని మాట శాస్త్రమునకు సరిపోయినది. గోగు విత్తిన నాలుగైదు నెలలకు కోతకు వచ్చును. సగము మొక్కలు పూత పట్టినపుడు కోయుట శ్రేష్ఠము. ముందుగా కోసిన నార సన్నముగా నుండును గాని బలము చాలదు. గింజ ముదిరినదాక నుంచిన నార ముతకయగును. కోసిన కట్టెలను లావునుబట్టి వేఱుపఱచి మోపులు కట్టి, రెండు మూడు దినములు చేనిలోనే నిలిపినచో ఆకు రాలి పొలమునకు ఎరువగును. పిమ్మట మోపులను నీటిలో ముంచి బరువు పెట్టవలెను. బురదగాని పచ్చి యరటిబోదెలుగాని బరువుగా పెట్టినచో నార నల్లబడును. నీటిలోని సూక్ష్మజీవులు బెరడులోని జిగురుపదార్థమును కరగించి పోగులను విడదీయును. నీరు నిర్మలమై, మెల్లగా కదలుచు, 34 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమికి దరిదాపుగా నున్నప్పుడు ఈ పని చక్కగా సాగును. గడువు చాలనిచో బెరడు పోగులను వదలదు. గడువు మీఱినచో సూక్ష్మజీవులు జిగురుతో నాగక పోగులనే తినును. నూఱు మణుగుల పచ్చికట్టె నూరవేసిన చేతికి వచ్చు నెండునార అయిదాఱు మణుగులు మాత్రమే.

ఆ యైదాఱు మణుగులను నిలుపుకొనుటయు నొక విద్యయే. కడిగిన నారను నేలపై పఱచిన మన్నంటును. దండెములపై వ్రేలాడదీసి యారవేయవలెను. పైకి పొడిగా కనబడిన నార లోపల తడి పట్టియుండవచ్చును. అట్టిదానిని బిగించి కట్టినచో కట్టనడుమ బూజు పుట్టి, కొన్ని నెలలకు విప్పిచూచువఱకు లోనిపోగు పొడియై రాలును. జూటు వర్తకులు దీనినే "గుండెచెడుట" యందురు. బరువు పెరుగునని నారకు నీరు చల్లి యమ్మువాడు కొనువానిని మోసగించుటయే కాక, తన యూరి సరకునకే చెడ్డపేరు తెచ్చును.

మా సీమలో నిలిచిన నీరు తక్కువ. అందుచే నార పెరటి యవసరములు దాటలేదు. వానలును చెఱువులును గల ఉత్తరాంధ్రమున నదే గోగు వర్తకపుపంట యయ్యెను. విజయనగరము, శ్రీకాకుళము ప్రాంతముల గోగునార భీమునిపట్టణపు రేవునుండి యోడలెక్కుటచే, ప్రపంచ వాణిజ్యమున దానికి "బిమ్లిపట్టణపు జూటు" అను పేరు స్థిరపడెను. ఈ వర్తకమునకు వెనుక దేశాంతరముల యుద్ధములున్నవి. ఇంగ్లీషువారి యోడలకు వలయు త్రాళ్ల నార రష్యానుండి రావలసియుండెను. ఆ పరాధీనత తొలగించుకొనుటకై వారు మనదేశపు నారలను వెదకసాగిరి. 1781 మొదలు సామర్లకోటలో నుండి, 1793లో కలకత్తా వృక్షోద్యానమునకు పోయిన రాక్స్‌బర్గ్ పండితుడు మన నారమొక్కలను పెంచి, వాని నారల బలమును తూచి పరీక్షించెను. స్కాట్లండులోని డండీ నగరమువారు తిమింగిలపు నూనెతో జూటును మెత్తపఱచి మరలపై వడకుట నేర్చిరి. 1853 మొదలు 1856 వఱకు సాగిన క్రిమియా యుద్ధమున రష్యా నార యాగిపోగా, జూటునకు గిరాకి హెచ్చెను. 1855లో కలకత్తా చెంత రిష్రాలో మనదేశపు మొదటి జూటుమిల్లు వెలసెను. పిదప గోస్తనీ తీరమున చిట్టివలసలోను, విజయనగరము దాపున నెల్లిమర్లలోను మిల్లులు నడచినవి.

1947లో దేశవిభజన జరుగగా, జూటు పండు భూములలో నధికభాగము తూర్పుపాకిస్తానునకు పోయెను. మిల్లులు మాత్రము కలకత్తాలో మిగిలెను. అప్పుడు మన గోగునార యా కొఱతను కొంత తీర్చినది. ఆమదాలవలస పరిశోధనాక్షేత్రమువారు ఎ.ఎం.వి. పేరుగల మేలువంగడములను రూపొందించిరి. తరువాత ప్లాస్టిక్కు వచ్చెను. కొన్ని సరకులను జనపసంచులలోనే నింపవలెనని ప్రభుత్వము ఆజ్ఞాపించుటకు వీలుగా 1987లో శాసనము చేయబడినను, క్షీణత యాగలేదు. చిట్టివలస మిల్లు 2009లో మూతపడెను.

ఈ చరిత్రమంతయు చదివినపుడు మిల్లుల పేర్లు కనబడును, రేవుల పేర్లు కనబడును, పండితుల పేర్లు కనబడును. నడుములోతు నీటిలో దినమంతయు నిలిచి నార నొలిచినవారి పేర్లు కనబడవు. కుళ్లిన నీటివలన వారి కాళ్లుచేతులు పగుళ్లువాఱుచుండెను. ఆ పని చేసివచ్చినవానిని వాసనయని దూరముగా కూర్చుండబెట్టిన గృహములును గలవు. నార నాణ్యమునకు మూలము వారి చేతిలోని గుఱుతు. ధర నిర్ణయించునప్పుడు వారి మాట యడిగినవారు లేరు.

గతించిన సంగతులకు నేడు చింత యేల యని కొందఱనవచ్చును. నేడు గోగు స్థానమున సుబాబుల్, జామాయిలు, సరుగుడు వచ్చినవి. ప్రకాశము, కృష్ణా మున్నగు జిల్లాలలో వేలకొలది రైతులు కాగితపుమిల్లులకై యీ త్వరితవృక్షములను పెంచుచున్నారు. ఇందును కథ కోతనాటితోనే మొదలగును. అప్పుడే నఱికిన కఱ్ఱ బరువులో సగమునకు దరిదాపుగా నీరే యుండును. కఱ్ఱ యెండినకొలది తూకము తగ్గును. టన్నులెక్కన అమ్మువాడు నాటికి నాడు అమ్మవలెను. కొనువాడు నాలుగు దినములు తాళవచ్చును. ఆ నాలుగు దినములలోనే బేరము తేలును. బెరడు ఒలుచుట, ముక్కలు చేయుట, గుజ్జు తీయుట మొదలగు విలువ పెంచు పనులన్నియు రైతు చేయి దాటిన పిమ్మటనే జరుగును. నారకు నీటియొద్ద గల విద్యయైన రైతు చేతిలో నుండెను. కఱ్ఱకు అదియు లేదు.

కావున కోత తరువాతి పనిని మనము చదువుగా నంగీకరింపవలెను. బారక్‌పూరులోని కేంద్ర పరిశోధనాసంస్థవారు నారను శీఘ్రముగా నూరజేయు సూక్ష్మజీవుల పొడిని కనుగొనియున్నారు. కాండమునుండి బెరడును ముందే యొలిచి, తక్కువ నీటిలో నూరవేయు పద్ధతియు కలదు. ఇవి పనివాని నీటికాలమును తగ్గించును. పల్లెలోని నలుగురు రైతులు కలసి ఊరవేయు కుంటను, ఆరవేయు దండెములను, తడి కొలుచు సాధనమును ఉమ్మడిగా నేర్పఱచుకొన్నచో బేరమున వారి మాటకు బలము వచ్చును. అన్నిటికంటె ముందు, నీటిలో దిగు మనుష్యుని మన యింటి యరుగుపై సమానముగా కూర్చుండబెట్టుకొనుట నేర్వవలెను. దానికి పరిశోధనాసంస్థ యక్కఱలేదు.

మా పిల్లలు నాడు తీసిన నారతో పెద్దాయన రెండు బారల త్రాడు పేనించెను. మొదట పేనినవారు బాలికలు. బాలురు చేతులు వాసనపట్టునని వెనుదీసిరి. పెద్దాయన వారిని కోపగింపక, "వాసన కడిగితే పోతాది, పని నేర్చుకోకపోతే అది పోదు నాయనా" అనెను. మఱునాడు బాలురును పేనిరి. ఆ త్రాడు మా బడి గంటకు కట్టియున్నది. ప్రతి దినము ఉదయమున నొక విద్యార్థి దానిని లాగి గంట కొట్టుచున్నాడు.